"కాంట్రాక్టు లేబర్‌కు యూనియన్ ఉండదు" అనే మెసేజ్: ఎంత నిజం, ఎంత అబద్ధం

ఈ-కామర్స్ గోడౌన్లలో పికింగ్, ప్యాకింగ్, లోడింగ్ చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. క్లుప్తంగా దాని సంగతి ఇది: "గోడౌన్ వాళ్లంతా కాంట్రాక్టు లేబర్, యూనియన్ పెట్టే హక్కు లేదు. కొత్త లేబర్ కోడ్‌లతో యూనియన్ల పని అయిపోయింది. చేరితే ఐడీ బ్లాక్ చేస్తారు. చందాలు నాయకులు తింటారు. యూనియన్ వస్తే గోడౌన్ ఎత్తేస్తారు. టార్గెట్ పెట్టేది కంప్యూటర్, దానితో బేరమేంటి?"

ఇందులో కొన్ని భయాలకు ఆధారం ఉంది. కానీ రాసినవాళ్లు యూనియన్ రిజిస్ట్రేషన్‌ని, యాజమాన్యం గుర్తింపుని, సమ్మెని ఒకే గాటన కట్టేశారు. ఈ మూడింటికీ రూల్స్ వేర్వేరు.

"కాంట్రాక్టు లేబర్‌కు హక్కు లేదు"

తప్పు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చింది, అందులో పర్మనెంటు, కాంట్రాక్టు అన్న తేడా లేదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది: వివాదం ఏ యజమానితో ఉందో అతని దగ్గరే ఉద్యోగం చేస్తుండాలనేమీ లేదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా యూనియన్ విషయంలో పరిశ్రమలో పనిచేసే వాళ్లందరినీ కార్మికులుగానే లెక్కిస్తుంది. మార్కెట్ యార్డుల హమాలీలు ఎవరి పేరోల్‌లోనూ లేరు. అయినా యూనియన్లు పెట్టుకుని బస్తా రేటు తేల్చుకుంటున్నారు. మహారాష్ట్రలో అలాంటి కూలీల కోసమే 1969లో మాథాడీ చట్టం వచ్చింది.

రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు మీద కనీసం ఏడుగురు సభ్యుల సంతకాలు ఉండాలి. సభ్యత్వం ఆ సంస్థలోనో పరిశ్రమలోనో పనిచేసేవాళ్లలో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అది. 1,200 మంది ఉన్న గోడౌన్‌లో 100 మంది చాలు. 400 మంది ఉన్నచోట 40. అరవై మందే ఉంటే పది శాతం ఆరుగురే అవుతారు కానీ ఏడుకు తగ్గకూడదు. సంతకాలు ఏడుతో ఆపకండి, పదిహేను పెట్టించండి. దరఖాస్తు ఇచ్చాక సంతకం చేసినవాళ్లలో సగానికి మించి వెనక్కి తగ్గితే దరఖాస్తే నిలవదు, ఒత్తిడి ముందుగా వచ్చేది వాళ్ల మీదే.

దరఖాస్తులు ఎక్కువగా ఆగేది రెండు చోట్ల. ఒకటి, అక్కడ పనిచేస్తున్నట్టు రుజువు. నియామక పత్రం ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి వేతన స్లిప్పు, ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్‌లో సంస్థ పేరున్న పేజీ, గేట్ పాస్ ఫొటో, షిఫ్ట్ కేటాయించిన మెసేజ్‌లు ముందే పోగేసుకోవాలి. రెండోది ఇంతకంటే ముఖ్యం: యూనియన్ నిబంధనావళిలో సభ్యత్వ పరిధిని కాంట్రాక్టర్ పేరుతో రాయడం. ఏడాది తిరిగేసరికి కాంట్రాక్టర్ మారతాడు, మనుషులు మాత్రం వాళ్లే ఉంటారు, కాగితం మీద సభ్యులు సున్నా అవుతారు. పైన చెప్పిన కనీస సభ్యత్వం రిజిస్ట్రేషన్ నాడే కాదు, ఎప్పటికీ నిలవాలి. అందుకే "ఫలానా జిల్లాలోని గోడౌన్, లాజిస్టిక్స్ పరిశ్రమ కార్మికులు" అని పరిధి రాసుకోవాలి.

ఒక్క మాట ఒప్పుకోవాలి. యూనియన్ పెట్టినంత మాత్రాన పర్మనెంటు అయిపోరు. కాంట్రాక్టు కార్మికులు ఆటోమేటిక్‌గా పర్మనెంటు కారని సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో తేల్చింది. అయితే కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ఆ బాధ్యత అసలు కంపెనీదే. యూనియన్ రాసే మొదటి ఉత్తరం తరచూ దీని గురించే ఉంటుంది.

"కోడ్‌లతో యూనియన్లు రద్దయ్యాయి"

పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 1926 చట్టం పోయిన మాట నిజమే, కానీ ఆ చట్టం కింద చెల్లుబాటులో ఉన్న యూనియన్లు కొత్త కోడ్ కింద రిజిస్టర్ అయినట్టే లెక్క.

కష్టమైంది సమ్మె, గుర్తింపు. ఏ సంస్థలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజీ చర్చలు నడుస్తుండగా, అవి ముగిశాక ఏడు రోజుల దాకా సమ్మె కుదరదు. సగం మంది, అంతకు మించి ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందికే వస్తుంది. చట్టవిరుద్ధ సమ్మె చేస్తే కార్మికుడికి వెయ్యి నుంచి పది వేల రూపాయల జరిమానా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ. "రేపు ఎవరూ రావొద్దు" అని గ్రూపులో పిలుపు ఇచ్చేసే వాళ్లకు ఇది ముందే తెలియాలి.

గుర్తింపు సంగతి: ఒకటికి మించి యూనియన్లు ఉంటే, మస్టర్ రోల్‌లో (కార్మికుల పేర్లుండే హాజరు పట్టీలో) 51 శాతం మద్దతున్న యూనియనే యాజమాన్యంతో సంప్రదింపులు జరుపుతుంది. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం, ఆపైన ఉన్న యూనియన్లతో మండలి ఏర్పడుతుంది. మస్టర్ రోల్ ఎవరిది అన్న దగ్గరే పేచీ. కంపెనీ తన రోల్ చూపించి "మీ పేర్లు ఇందులో లేవు" అంటుంది. దీనికి తేలికైన విరుగుడు లేదు; కాంట్రాక్టర్‌తోనూ కంపెనీతోనూ రెండు వైపులా వివాదం లేవనెత్తాలి.

"చేరితే ఐడీ బ్లాక్"

ఇది ఉత్తుత్తి భయం కాదు. సాయంత్రం షిఫ్ట్ దిగేవరకూ ఏమీ అనరు, మర్నాడు గేటు దగ్గర కార్డు పనిచేయదు. అయితే యూనియన్‌లో చేరినందుకు తీసేయడం చట్టం దృష్టిలో అన్యాయపు కార్మిక ఆచరణ. దానికి పది వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. "యూనియన్ వల్లే తీసేశారు" అని నిరూపించడమే అసలు పని. కార్డు పనిచేయని రోజు, సమయం, గేటులో ఎవరేమన్నారో అప్పటికప్పుడే రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీయండి. అదే రోజు కాంట్రాక్టర్‌కూ కంపెనీ హెచ్‌ఆర్‌కూ మెయిల్ పెట్టండి. ఆ పైన కార్మిక శాఖలో వివాదాలకు రాజీ కుదిర్చే అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. అక్కడ 45 రోజుల్లో తేలకపోతే కార్మికుడు తనంతట తానే పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. తీసేసిన రోజు నుంచి రెండేళ్లు దాటితే తలుపులు మూసుకుంటాయి.

"చందాలు తింటారు"

తినేవాళ్లు ఉండొచ్చు. అందుకే చట్టం ప్రతి ఏటా ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టీ రిజిస్ట్రార్‌కు ఇవ్వమంటుంది. ఖాతాపుస్తకం చూసే హక్కు సభ్యుడికి ఉంది. రాజకీయ నిధి విడిగా ఉండాలి, దానికి ఇవ్వమని బలవంతపెట్టకూడదు. బ్యాంకు ఖాతాకు ముగ్గురిని పెట్టి ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేస్తే సగం గొడవ తగ్గుతుంది.

"గోడౌన్ ఎత్తేస్తారు"

ఎత్తేసిన ఉదాహరణ ఉంది. కెనడాలోని క్యూబెక్‌లో అమెజాన్ 2025 జనవరిలో తన ఏడు కేంద్రాలను మూసేస్తున్నట్టు ప్రకటించింది. అందులో ఒకచోట అంతకుముందు ఏడాదే యూనియన్ వచ్చింది. మూసివేతకూ యూనియన్‌కూ సంబంధం లేదని కంపెనీ అంది. మరో వైపు న్యూయార్క్‌లోని స్టేటన్ ఐలాండ్ గోడౌన్‌లో 2022 ఏప్రిల్‌లో 2,654–2,131 ఓట్లతో యూనియన్ గెలిచింది. తర్వాతి మూడేళ్లలో ఆ గోడౌన్ మూతపడలేదు. ఒప్పందమూ కుదరలేదు. మన దగ్గర 50 మంది, ఆపైన ఉన్న సంస్థ మూసేయాలంటే 60 రోజుల ముందు నోటీసివ్వాలి.

"టార్గెట్ కంప్యూటర్‌ది"

కంప్యూటర్‌లోకి ఆ అంకె ఎక్కించింది మనిషే. గంటకు 100 వస్తువులు తియ్యాలనుకుందాం, అంటే ఒక్కోదానికి 36 సెకన్లు. పది నిమిషాలు టాయిలెట్‌కు వెళ్తే పదహారు పదిహేడు వస్తువులు వెనకబడతారు. 2024లో హర్యానాలోని మానేసర్ గోడౌన్‌లో టార్గెట్ పూర్తయ్యేదాకా నీళ్లకు, టాయిలెట్‌కు వెళ్లబోమని కార్మికుల చేత ప్రమాణం చేయించారన్న వార్తల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ కేంద్ర కార్మిక శాఖకు నోటీసిచ్చింది. కాలిఫోర్నియాలో 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పెద్ద గోడౌన్ల యాజమాన్యాలు టార్గెట్‌ను రాతపూర్వకంగా ఇవ్వాలి. తిండికి, విరామానికి, టాయిలెట్‌కు అడ్డొచ్చే టార్గెట్ పెట్టకూడదు. కంప్యూటర్‌తో బేరమంటే ఇదే.

మన దగ్గర డిమాండ్ల పత్రంలో "టార్గెట్ తగ్గించాలి" అని మాత్రమే రాస్తే యాజమాన్యం "చూస్తాం" అని పక్కన పడేస్తుంది. పట్టుకోదగ్గవి రాయాలి. ర్యాక్ ఖాళీగా ఉన్నప్పుడు, కన్వేయర్ ఆగినప్పుడు, స్కానర్ చార్జింగ్ అయిపోయినప్పుడు పోయిన నిమిషాలు రేటులో (గంటకు ఎన్ని వస్తువులు తీశారన్న లెక్కలో) కలపకూడదు. ఎవరి రేటు ఎంతో వాళ్లకు రోజూ చూపించాలి. బరువుకు పరిమితి ఉండాలి: అమెరికాలో పనిచేసేచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియాష్ (NIOSH) సూత్రం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు 23 కిలోలు ఎత్తొచ్చంటుంది; అదే పెట్టె ఒంటికి 25 సెంటీమీటర్ల దూరంలో కాక 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పరిమితి సగమవుతుంది. ర్యాక్ లోతట్టులో, పై అరలో బరువైన సరుకు పెట్టొద్దని అడగడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు, చేతిలో టేపు ఉంటే చాలు.