పాముకు నాలుగడుగుల పెట్టె: ఏకసభ్య కమిటీ నివేదిక

నల్గొండ రామగిరిలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటున్న మా అక్క కొడుకు ఒక బాల్ పైథాన్‌ను పెంచుతున్నాడు. ఆఫ్రికా పాము. విషం ఉండదు, భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది. దాన్ని ఎంత పెట్టెలో ఉంచాలన్న విషయం మా ఇంట్లో మూడు వారాలుగా నలుగుతోంది. ఎవరూ అడగకపోయినా నన్ను నేను ఏకసభ్య కమిటీగా వేసుకున్నాను. ఇది నివేదిక.

ముందు చట్టం సంగతి. మన కొండచిలువనో నాగుపామునో పెంచుకుంటానంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. ఈ ఆఫ్రికా పామునైతే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మావాడు చేయించాడు. కాబట్టి ఆ పోర్షన్‌లో కాగితాలున్న జీవి పామొక్కటే. మావాడికి ఓనరు ఇప్పటిదాకా అద్దె అగ్రిమెంటు రాసివ్వలేదు.

పామును అమ్మినాయన చిన్న ప్లాస్టిక్ డబ్బా చాలన్నాడట. "పెద్దదాంట్ల పెడితే బెదిరి తిండి మానేస్తది" అన్నాడట. ఈ మాట నాకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. పోర్షన్ చూపించిన రోజు ఓనరమ్మ కూడా ఇంచుమించు ఇదే అంది: "చిన్న ఇల్లయితే ఊడ్చుకోను అల్కగ ఉంటది బాబూ."

నిజానికి పాము బెదిరేది జాగా ఎక్కువై కాదు, దాక్కోను చోటు లేక. వెచ్చటి వైపొకటి, చల్లటి వైపొకటి కుండ పెంకులు బోర్లించి, మధ్యలో నాలుగు కొమ్మలు, ఎండుటాకులు వేస్తే పెద్ద పెట్టెలోనూ నిమ్మళంగా ఉంటుంది. కుండ పెంకు కిందికి మావాడు పట్టడు కనుక ఓనరమ్మ వాదనకు కమిటీ దగ్గర జవాబు లేదు.

సూత్రం ఒకటే: పాము ఒళ్లు నిండుగా చాపుకోవాలి. పెరిగిన బాల్ పైథాన్ మూడు నుంచి ఐదడుగులు ఉంటుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఇప్పుడు చాలామంది చెప్పే కనీస కొలత. ఐదడుగులదైతే పొడవు ఇంకా పెంచాల్సిందే.

ఇక కొలవడం. వడ్లాయన వచ్చి, "కోళ్ల గూడా సారూ?" అన్నాడు. పామని చెప్పగానే టేపు నా చేతిలో పెట్టి గడప దిగాడు. మావాడు అది విడిచిన కుబుసాన్ని గచ్చు మీద పరిచి కొలిచాడు. దాదాపు ఐదడుగులు! ప్లైవుడ్ ఖర్చు తలుచుకొని ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత తెలిసింది, కుబుసం ఊడేటప్పుడు సాగుతుందట. పాము పాకుతుంటే వీపు వెంబడి దారం పట్టి, ఆ దారాన్ని కొలిస్తే మూడడుగుల పది అంగుళాలు. ఏడాదికోసారి పాయింటు షర్టు కొలతలివ్వడానికి బద్ధకించేవాడు, దారం పట్టుకొని పాము వెనక మోకాళ్ల మీద పాకాడు.

పొడవు ఒళ్లు చాపుకోవడానికే కాదు. ఒక వైపు 32 డిగ్రీలు, మరో వైపు 26 దగ్గర ఉండాలి. అడుగున్నర డబ్బాలో రెండు వాతావరణాలు ఎక్కడ పడతాయి? ఇంగ్లిషు వీడియోల్లో అందరూ వెచ్చటి మూల ఎలా చేయాలో చెబుతారు. మే నెలలో నల్గొండకు ఆ సలహా ఎందుకు? బయట 44 డిగ్రీలుంటే జిల్లా అంతా వెచ్చటి మూలే. చల్లటి మూల కోసం మిర్యాలగూడ దాకా వెళ్లినా లాభం లేదు. చివరికి కూలర్‌ను పెట్టె ఉన్న గదికి మార్చారు. గాలిలో తేమ కూడా 60 శాతం దగ్గర ఉండాలి కదా, అదీ కలిసొచ్చింది. మావాడు రెండో గదిలో తడి టవల్ కప్పుకొని పడుకుంటున్నాడు.

పెట్టె వచ్చిన రోజు ఓనరమ్మ వాకిట్లో నిలబడి, "ఏంది బాబూ గది?" అంది.

"చెప్పుల స్టాండ్ ఆంటీ."

"గంత పెద్దదా? ఎన్ని జతలున్నయ్ నీకు?"

ఆ రాత్రి పరిశీలన కోసం నేను అక్కడే పడుకున్నాను. గోడకు పెట్టె, దాని పక్కన కూలర్ పోగా మిగిలిన జాగాలో చాప మూలగా పరిచారు. అర్ధరాత్రి దాకా పాము పెంకు కింద ముడుచుకొనే ఉంది. మూడు వారాల కొలతలు దీనికేనా అనుకున్నాను. రెండు గంటలప్పుడు మెలకువ వచ్చి చూస్తే, వెనక గోడ వెంబడి తలా తోకా ఆనకుండా హాయిగా చాపుకొని ఉంది. నా కాళ్లు వంటింట్లో ఉన్నాయి.