రిట్రాక్టబుల్ లీష్ గారికి, నల్లగొండ గల్లీల నుంచి

అయిదు మీటర్ల అయ్యగారికి దండాలు.

కుక్కను తిప్పేటప్పుడు కట్టే తాడే మీరు, కుక్క పోతుంటే సాగుతరు, దగ్గరికొస్తే డబ్బాలోకి చుట్టుకుంటరు. ఓ ప్లాస్టిక్ డబ్బా, లోపల చుట్ట స్ప్రింగు, బొటనవేలి కింద బ్రేకు బటన్. మీ ఆస్తి ఇంతే. గొప్పలు మాత్రం కుక్కకు స్వేచ్ఛ ఇస్తానని! గడియారం సెంటర్లో మీరు స్వేచ్ఛ ఇస్తే కుక్క ఆటో కిందికి, మీ తాడు బండి మీదొచ్చేవాడి ఒంటికి.

కొనేటోళ్లు డబ్బా రంగు చూస్తరు, దాని మీద రాసిన కిలోలు చూడరు. 30 కిలోల ల్యాబ్రడార్‌కు 15 కిలోల మోడల్ తగిలిస్తే, పిల్లి కనబడ్డ క్షణాన మీ కొక్కెమో బ్రేకో రాజీనామా చేస్తది. కుక్క బరువు కన్నా ఒక సైజు పైదే తీసుకోవాలె. అదీ చివరిదాకా వెడల్పు పట్టీ ఉన్నదే. సన్నతాడు ఉరుకుతున్నప్పుడు పిక్కకు తగిలితే అచ్చం మాంజా. దాన్ని చేత్తో పట్టి ఆపబోయి వేళ్లు పోగొట్టుకున్నోళ్లున్నరు. ఈ హెచ్చరిక మీతో వచ్చే కాగితంలోనే ఉంటది, చదివే పుణ్యాత్ముడే కరువు.

మీ స్ప్రింగు ఎప్పుడూ గుంజుతనే ఉంటది గదా, కుక్క నేర్చుకునే పాఠం ఒక్కటే: గుంజితే దారి దొరుకుతది. ఉరికి ఉరికి కొసకాడ ఠక్కున ఆగితే దెబ్బంతా మెడకే. అందుకే మీకు కాలర్ ఇచ్చేది లేదు, ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్ వీపు రింగుతో సరిపెట్టుకోండి.

చెయ్యి జారితే మీ అసలు వేషం బయటపడతది. డబ్బా టకటకమని కుక్క వెనకాలే దేకుతది, అది బెదిరి ఉరుకుతది, మీరు వెంబడిస్తరు. దేవరకొండ రోడ్డు దాకా ఇదే భాగోతం.

కాబట్టి గల్లీలో మీకు మీటరున్నర దగ్గర లాకు, వీధికుక్కలు ఎదురైతే అంతకన్నా పొట్టిగా. దగ్గరికి చుట్టాలంటే కుక్క వైపు చెయ్యి చాపి బ్రేకు వదలాలె, వదులు లోపలికి పోంగనే నొక్కి, చెయ్యి వెనక్కి గుంజాలె. దగ్గరయ్యేదాకా ఇదే వరస. అయిదు మీటర్లూ కావాలంటే ఉదయసముద్రం కట్ట దిక్కు జనం, బండ్లు లేని చోటికి దయచేయండి.

వానలో తడిస్తే మిమ్మల్ని పూర్తిగా బయటికి తీసి ఆరబెట్టాలె. అప్పుడే కొక్కెం దగ్గర పోగులు లేచినయా అని చూడాలె. తిరిగి చుట్టేటప్పుడు కొక్కేన్ని చేత్తో పట్టుకునే పోవాలె, వదిలితే కంటికే వస్తది. బ్రేకు ఒక్కసారి జారినా మీకు రిటైర్మెంటే. స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చే మెకానిక్ బావలకు మాత్రం లోపలి స్ప్రింగు మొహం మీదికి ఎగిరి సన్మానం చేస్తది.

ఇట్లు,
మామూలు నైలాన్ పట్టీ వాడేటోళ్లు