కిడ్నీ జబ్బు ఉన్న పిల్లాడికి లెక్కలెందుకు తప్పుతాయి?

నల్లగొండ జిల్లాలో ఏడాదిన్నర పిల్లాడి కాళ్లు వంకర తిరిగితే ఎవరైనా ముందుగా అనుమానించేది బోరు నీళ్లనే. మర్రిగూడ, మునుగోడు పల్లెలు ఫ్లోరైడ్‌తో దశాబ్దాల తరబడి పడిన బాధ అలాంటిది. అయితే ఆ పిల్లాడు చెంబుల కొద్దీ నీళ్లు తాగుతూ, మాటిమాటికీ మూత్రం పోస్తూ, బువ్వ వద్దని ఉప్పు, తొక్కు అడుగుతూ, ఎదుగూ బొదుగూ లేకుండా ఉంటే చూడాల్సింది కిడ్నీలను. అలా బయటపడే అరుదైన వంశపారంపర్య వ్యాధుల్లో సిస్టినోసిస్ ఒకటి.

లక్ష నుంచి రెండు లక్షల జననాల్లో ఒకరికి వచ్చే ఈ వ్యాధికి మూలం సీటీఎన్ఎస్ అనే జన్యువులోని లోపమని 1998లో తేలింది. సిస్టిన్ అనే అమైనో ఆమ్లం కణాల్లో వ్యర్థాలను అరిగించే లైసోజోములనే చిన్న సంచుల నుంచి బయటికి పోలేక స్ఫటికాలుగా పేరుకుపోతుంది. మొదట దెబ్బతినేవి కిడ్నీలు. మందు లేకపోతే పదేళ్ల వయసుకు అటూఇటుగా అవి పూర్తిగా చెడిపోతాయి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలు ఇంకా సాగుతున్న మన పల్లెల్లో ఈ అంకెను తేలిగ్గా తీసుకోలేం.

కిడ్నీల సంగతి డాక్టర్లు చూస్తారు. మెదడు సంగతే ఎవరికీ పట్టడం లేదు. ఈ పిల్లల్లో చాలామంది తెలివి మామూలుగానే ఉంటుంది, మాట చక్కగా ఉంటుంది, చదివింది అర్థమవుతుంది. తేడా వచ్చేది కంటితో చూసిన ఆకారాన్ని, దూరాన్ని, స్థానాన్ని మనసులో పట్టుకోవడంలో. కిడ్నీలు ఇంకా బాగానే పనిచేస్తున్న చిన్న పిల్లల్లోనూ ఈ లోపం కనిపించింది కాబట్టి, రక్తంలో మలినాలు పెరగడమే దీనికి కారణమని సరిపెట్టుకోలేం.

తరగతి గదిలో ఇది ఎలా ఉంటుందంటే, 304లో నుంచి 128 తీసెయ్యమని నోటితో అడిగితే కాసేపు ఆలోచించి 176 అని చెప్పే పిల్లాడే, పలక మీద రాసేటప్పుడు ఎనిమిదిని నాలుగు కింద కాకుండా సున్నా కింద వేస్తాడు. ఒకట్లు, పదులు ఒకదాని కిందికి మరొకటి జరిగిపోయి లెక్క తప్పుతుంది. గలగలా మాట్లాడేవాడు లెక్క తప్పితే సారుకు అది నిర్లక్ష్యంగానే తోస్తుంది. నా దృష్టిలో ఈ పిల్లలకు జరుగుతున్న పెద్ద అన్యాయం ఇదే. మాట బాగుండటమే వాళ్ల లోపాన్ని దాచేస్తోంది. తెలివిని కొలిచే పరీక్షలోనూ అన్నీ కలిపిన ఒక్క మార్కునే చూస్తే ఈ లోటు కనబడదు; మాటకు సంబంధించిన భాగాన్ని, ఆకారాలకు సంబంధించిన భాగాన్ని విడివిడిగా చూడాలి.

ప్రవర్తన విషయంలో మాత్రం ఏది వ్యాధి వల్ల, ఏది మందు వల్ల, ఏది తోటివాళ్ల వల్ల అని గీత గీయడం కష్టం. 1994లో అమెరికాలో అనుమతి పొందిన సిస్టియమిన్ ఈ జబ్బుకు ప్రధానమైన మందు. మామూలు రకాన్ని ఆరు గంటలకోసారి, అంటే అర్ధరాత్రి కూడా లేపి వేయాలి. దాంతో ఊపిరిలో, చెమటలో కుళ్లిన గుడ్డు లాంటి వాసన వస్తుంది. బెంచీ మీద పక్కవాడు జరిగి కూర్చుంటే ఆ పిల్లాడు ముడుచుకుపోవడంలో వింతేముంది? కంటిపొరలో చేరిన స్ఫటికాల వల్ల వెలుతురు గుచ్చుకుంటుంది కనుక, పాలమూరు ఎండలో ఆటల పీరియడ్‌కు బయటికి రాడు. దాన్ని కూడా మొండితనం కిందే జమకడతారు.

రెండేళ్లలోపు మందు మొదలుపెట్టిన పిల్లలు ఆకారాలను గుర్తించే పరీక్షల్లో ఆలస్యంగా మొదలుపెట్టిన వాళ్లకన్నా మెరుగ్గా ఉన్నారని పరిశోధనల్లో తేలింది. అందువల్ల వంకర కాళ్లకు ఫ్లోరైడే కారణమని ఊరుకున్న ప్రతి నెలా కిడ్నీకే కాదు, రేపటి లెక్కల నోట్‌బుక్‌కూ నష్టమే. తెల్లరక్తకణాల్లో సిస్టిన్ కొలిచే పరీక్ష, జన్యు పరీక్ష వ్యాధిని నిర్ధారిస్తాయి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. బడిలో చేయాల్సింది దీనికన్నా చాలా చవక: అంకె అంకెకూ ఒక గడి ఉండే గళ్ల నోట్‌బుక్, బోర్డు మీద వేసిన పటాన్ని మాటల్లోనూ చెప్పడం, పరీక్షలో కొంత అదనపు సమయం, బెంచీ మీద నీళ్ల సీసా, అడగకుండానే బాత్రూమ్‌కు వెళ్లివచ్చే వీలు.