నేను పూరించిన శంఖం
మొన్న ఆదివారం తెల్లవారుజామున మా గృహప్రవేశం. రామేశ్వరంలో ఒక కొట్టువాడు ‘దక్షిణావర్తం సార్, లక్షలో ఒకటి’ అని లామినేట్ చేసిన సర్టిఫికెట్‌తో సహా 18,000కి అంటగట్టిన శంఖం దేవుడి ముందుంది. పాలు పొంగాయి. పంతులుగారు ‘యజమాని శంఖం పూరించాలి’ అన్నారు.

ఊదాను. చప్పుడు లేదు. ఇంకాస్త గట్టిగా ఊదాను, బుగ్గలు బూరెలయ్యాయి, కళ్ళముందు చుక్కలు. ఊదే శంఖానికి కొస కోసి రంధ్రం చేస్తారట, పూజలో పెట్టేదానికి చెయ్యరట. ఆ ముక్క కొట్టువాడు చెప్పలేదు, పంతులుగారూ చెప్పలేదు, అంటే నేను నలభై మంది ముందు గోడలోకి ఊదుతున్నానన్నమాట. ‘సిగరెట్లు మానరా అంటే విన్నావా’ అని మేనత్త. రోషమొచ్చి తిప్పి నోటివైపు నుంచి ఊదితే లోపలి ఇసుక కళ్ళలో పడింది. చివరికి ఒక శబ్దమైతే వచ్చింది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందని పిల్లలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

సాయంత్రం డాలస్ నుంచి తోడల్లుడి వీడియో కాల్. ఆయన సెలవొస్తే గాల్వెస్టన్ బీచ్‌లో గవ్వలేరుతుంటాడు. ‘తమ్ముడూ, లోపలి స్తంభం మీద మూడు నాలుగు మడతలున్నాయా?’ వేలు పెట్టి చూశాను, నున్నగా ఉంది. ‘అయితే అది శంఖం కాదు, లైట్నింగ్ వెల్క్. 1987లో మా టెక్సస్ రాష్ట్ర గవ్వ చేశారు దాన్ని.’

మన అసలు శంఖం, మన్నార్ సింధుశాఖలో దొరికే టర్బినెల్లా పైరమ్, కొస పైకి పెట్టి చూస్తే నోరు కుడివైపుంటుంది, ఎడమవైపున్నది మహా అపురూపం, మనం కొస కిందికి పెట్టి చూస్తాం కాబట్టి దాన్నే దక్షిణావర్తం అంటాం. ఇదంతా నా బుర్రకెక్కేసరికి కాఫీ చల్లారింది. ఈ అమెరికా నత్తకి మాత్రం ఎడమవైపు నోరు పుట్టుకతోనే మామూలు. వచ్చినప్పుడల్లా బాదంపప్పు తెచ్చే మనిషి ఒక్కసారి ఇది తెచ్చినా నా 18,000 మిగిలేవి.

సర్టిఫికెట్ మీది నంబరుకి ఫోన్ చేశాను. ‘ఎడమకి తిరిగిందా లేదా సార్? ఇంకేం కావాలి?’ అని పెట్టేశాడు.

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు. పొద్దున పంతులుగారు అందరికీ దాంతోనే పోశారు. మేనత్త రెండుసార్లు పుచ్చుకుంది. ఆవిడకి ఇంకా చెప్పలేదు.