సవరణ: లేబర్ హైర్ లైసెన్సు ఆస్ట్రేలియా అంతటికీ చెల్లదు

తోటలకు కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టరుకు ఒక రాష్ట్రంలో లేబర్ హైర్ (కూలీల సరఫరా) లైసెన్సు ఉంటే ఆస్ట్రేలియా అంతా చెల్లుతుందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. క్వీన్స్‌లాండ్ చట్టం 2017 నాటిది, విక్టోరియాది 2018 నాటిది. దేని లైసెన్సు దానిదే. క్వీన్స్‌లాండ్‌లోని బండబెర్గ్‌లో చిలగడదుంపలు తవ్వించే లైసెన్సుతో విక్టోరియాలోని మిల్డ్యూరాలో ద్రాక్ష కోయించడం కుదరదు. ఆ రెండు చట్టాలూ, లైసెన్సింగ్ అధికారుల సమాచారమూ చూసి సరిచేస్తున్నాను.

పనిలో చేరేముందు ఆ రాష్ట్రపు ఆన్‌లైన్ రిజిస్టర్‌లోనే సంస్థ పేరు, ఏబీఎన్ (ఆస్ట్రేలియాలో వ్యాపార సంస్థకు ఇచ్చే గుర్తింపు నంబరు) వెతకండి. మేస్త్రీ వాట్సాప్‌లో పంపే లైసెన్సు ఫొటోను నమ్మొద్దు. లైసెన్సు రద్దయినా ఫొటో మారదుగా! అన్నట్టు, లైసెన్సు లేని సంస్థ నుంచి కూలీలను తెచ్చుకుంటే తోట యజమానికీ జరిమానా పడొచ్చు.