రెయిడ్ 5 లెక్క కాగితం మీదే బాగుంటుంది
నాలుగు 4 టీబీ డిస్కులకి రెయిడ్ 5 (ఒకటి పోయినా డేటా పోకుండా డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) పెడితే 12 టీబీ వస్తుంది, రెయిడ్ 10 (ప్రతిదీ రెండేసి డిస్కుల్లో రాసే పద్ధతి) అయితే 8 టీబీయే కాబట్టి చిన్న ఆఫీసుకి రెయిడ్ 5 చాలని కొందరు అంటారు, నేనైతే ఒప్పుకోను. వీఎంలు (ఒకే సర్వర్‌లో విడివిడిగా నడిచే వర్చువల్ కంప్యూటర్లు) నడిచే దగ్గర జాగా కంటే ముందు డిస్కు స్పీడే అయిపోతుంది, రెయిడ్ 5లో చిన్న రైట్‌కి కూడా పాత డేటా, పాత పారిటీ (డిస్కు పోతే డేటా తిరిగి లెక్కగట్టడానికి దాచే సమాచారం) చదివి రెండూ మళ్లీ రాయాలి, అంటే నాలుగు పనులు, రెయిడ్ 10లో రెండే. మేం మామూలు హార్డ్‌డిస్కుల మీద ఆరు వీఎంలు రెయిడ్ 5లోనే పెట్టాం, పొద్దున్నే అందరూ లాగిన్ అయితే అకౌంట్స్ వీఎంలో ఎంటర్ కొట్టి చూస్తూ కూర్చోవడమే, సీపీయూ మాత్రం ఖాళీ (అనవసరంగా ర్యామ్ కూడా కొన్నాం). పైగా ఒక డిస్కు పోయినప్పుడు రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటా మళ్లీ నింపడం) అయ్యేదాకా ఇంకోటి పోకూడదని దణ్ణాలు పెట్టుకున్నాం. బ్యాకప్‌లు పడేసుకోడానికైతే రెయిడ్ 5 ఓకే.