553లో బైబిల్ నుంచి పునర్జన్మను తీసేశారా?

మా పెదనాన్న పోయాక పెట్టిన ఆదరణ కూడిక అయిన రాత్రి, గిన్నెలు సర్దుతుంటే ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. పెట్టింది మా పిన్ని కొడుకు. దాని కింద "అక్కా, పెదనాన్న మళ్లీ మనింట్లోనే పుడతాడు చూడు" అని రాశాడు. వాడి మనసు మంచిదే. ఆ ఫార్వర్డే నాకు కొత్త కాదు, ఏళ్ల తరబడి తిరుగుతోంది. సారాంశం ఇది: తొలి క్రైస్తవులు పునర్జన్మను నమ్మేవాళ్లు. ఓరిజెన్ అనే మహాపండితుడు దాన్ని బోధించాడు. క్రీ.శ. 553లో జస్టీనియన్ చక్రవర్తి, భార్య థియోడోరా ఒత్తిడి మీద, కాన్‌స్టాంటినోపుల్‌లో సభ పెట్టించి బైబిల్లోంచి ఆ వాక్యాలన్నీ తీయించేశాడు. తీయగా మిగిలినవి మూడు: పాత నిబంధన ప్రవక్త ఏలీయా మళ్లీ బాప్తిస్మమిచ్చే యోహానుగా పుట్టడం, పుట్టుగుడ్డివాడి కథ, "తిరిగి జన్మించాలి" అన్న యేసు మాట.

పునర్జన్మ నిజమా అబద్ధమా అన్నది ఇక్కడ నా గొడవ కాదు. నమ్మేవాళ్లకు వాళ్ల శాస్త్రాలున్నాయి, వాళ్ల తర్కం ఉంది. బైబిల్ వచ్చి సాక్ష్యం చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు. క్రైస్తవులు ఒకప్పుడు ఏం నమ్మారు అన్నది మాత్రం చరిత్ర. దానికి కాగితాలున్నాయి.

"థియోడోరా ఒత్తిడి మీద..."

థియోడోరా 548లో చనిపోయింది. సభ జరిగింది 553 మే, జూన్ నెలల్లో. చనిపోయిన ఐదేళ్లకు ఆమె వచ్చి మొగుడి మీద ఒత్తిడి తెచ్చిందంటే, ఫార్వర్డ్ రాసినవాడికి పునర్జన్మ మీద నిజంగానే గట్టి నమ్మకం ఉన్నట్టుంది.

"సభలో పునర్జన్మను నిషేధించారు"

ఆ సభకు 150కి పైగా బిషప్పులు వచ్చారు. వాళ్లు కూర్చున్నది ప్రధానంగా 'మూడు అధ్యాయాలు' అనే తగాదా తేల్చడానికి. థియోడోర్, థియోడొరెట్, ఇబాస్ అనే ముగ్గురు దాదాపు వందేళ్లకు ముందే చనిపోయారు. వాళ్ల రాతల్లో క్రీస్తు దైవత్వం, మానవత్వం గురించి ఉన్నది తప్పా ఒప్పా అన్నదే ఆ తగాదా. రోము పోప్ విజిలియస్ కాన్‌స్టాంటినోపుల్‌లోనే ఉండి కూడా సభకు రాలేదు. పోప్ రాలేదని ఫార్వర్డ్ కూడా అంటుంది, ఈ ఒక్క సంగతీ నిజమే.

ఓరిజెన్ పేరు కూడా వచ్చింది, కాదనను. సభ తీర్మానాల్లో పదకొండోది తిరస్కరించిన బోధకుల జాబితా. అందులో ఆయన పేరుంది. అంతకు ముందే, 543లో, పాలస్తీనా మఠాల్లో సన్యాసుల మధ్య ఓరిజెన్ పేరు మీద పెద్ద గొడవ నడుస్తుంటే, జస్టీనియన్ ఆయన బోధలకు వ్యతిరేకంగా ఒక శాసనం వేశాడు. ఓరిజెన్ మీద పదిహేను శాపవాక్యాలు, అంటే ఫలానా బోధ నమ్మేవాడు శాపగ్రస్తుడు అనే తీర్మానాలు, కూడా ఉన్నాయి. వాటిని సభ లాంఛనంగా ఆమోదించిందా, సభకు ముందు బిషప్పులు విడిగా ఒప్పుకున్నారా అన్నది పండితుల మధ్య ఇంకా తెగలేదు. ఆమోదించిందనే అనుకుందాం. మొదటి వాక్యం ఖండించింది ఆత్మల 'పూర్వ ఉనికి'ని. అంటే శరీరం కంటే ముందే ఆత్మ ఎక్కడో ఉండి, తర్వాత ఇందులోకి దిగిందన్న అభిప్రాయాన్ని. పుట్టక ముందు ఉండటం ఒకటి, చచ్చి మళ్లీ పుట్టడం ఇంకొకటి. ఫార్వర్డ్ ఈ రెంటినీ ఒకే మూట కట్టేసింది.

"ఓరిజెన్ పునర్జన్మను బోధించాడు"

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ ముక్క పూర్తిగా గాలి కబురు కాదు. మూడో శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు ఓరిజెన్. దేవుడు మొదట బుద్ధిగల జీవులను సమానంగా సృష్టించాడని, వాటి ప్రేమ చల్లారి అవి జారిపడ్డాయని, అందుకే వాటికి శరీరాలు వచ్చాయని ఊహించాడు. గ్రీకులో ఆత్మకు వాడే 'సూకే' అన్న మాటను 'చల్లబడటం' అన్న మాటతో ముడిపెట్టాడు కూడా. ఈ లోకం తర్వాత ఇంకో లోకం, ఆ తర్వాత మరొకటి అన్నట్టు రాసిన చోట్లున్నాయి. ఇవన్నీ రాసిన ఆయన పుస్తకంలో ఎక్కువ భాగం మనకు మిగిలింది లాటిన్ అనువాదంలోనే, ఆ అనువాదకుడు అక్కడక్కడా మెత్తబరిచాడని అందరికీ తెలుసు. ఓరిజెన్ ఆత్మ దేహాలు మారుస్తుందన్నాడని తర్వాతి కాలపు క్రైస్తవ పండితుడు జెరోము ఆరోపించాడు కూడా. కాబట్టి అనుమానానికి చోటుంది.

కానీ ఓరిజెన్ జీవితం చివర్లో మత్తయి సువార్తకు వ్యాఖ్యానం రాశాడు. ఏలీయా, యోహానుల సంగతి దగ్గరకు వచ్చినప్పుడు సూటిగా ఇదే ప్రశ్న వేసుకున్నాడు: ఇక్కడ ఏలీయా ఆత్మే యోహానులోకి వచ్చిందని అనుకోవాలా? వద్దన్నాడు. దేహాంతర సిద్ధాంతం దేవుని సంఘానికి పరాయిది, అపొస్తలులు అప్పగించినది కాదు, లేఖనాల్లో ఎక్కడా కనబడదు అని తేల్చాడు. జస్టీనియన్ పుట్టడానికి రెండు శతాబ్దాలకు పైగా ముందు, 'బైబిల్లో పునర్జన్మ ఉంది' అన్నదానికి జవాబు రాసింది ఫార్వర్డ్ సాక్షిగా పిలిచిన ఓరిజెనే.

ఆయన ఒక్కడే కాదు. దాదాపు 180లో ఐరేనియస్ అనే బిషప్పు, ఆత్మ దేహం నుంచి దేహానికి వెళ్తుంటే ముందటివి ఏమైనా గుర్తుండాలి కదా అని వాదించాడు. ఆయన ఎదురు నిలిచింది, రహస్య జ్ఞానంతోనే విముక్తి అనే జ్ఞానవాదుల గుంపులతో. వాళ్లలో కార్పోక్రటీసు అనుచరుల వంటివాళ్లు నిజంగానే దేహాంతరాన్ని నమ్మారు. 'తొలి క్రైస్తవుల్లో కొందరు' అని రాసి ఉంటే నేను నోరు మూసుకునేదాన్నే. ఇక ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత, 210 ప్రాంతంలో, చమత్కారంగా అడిగాడు: మనుషులు రకరకాల వయసుల్లో పోతుంటే, తిరిగొచ్చేటప్పుడు అందరూ పసిపిల్లలుగానే ఎందుకొస్తారు? చచ్చినవాళ్లే మళ్లీ పుడుతుంటే జనాభా ఎలా పెరుగుతోంది? వాదనలో బలం సంగతి అలా ఉంచితే, 553 కంటే మూడున్నర శతాబ్దాల ముందే ఈ రగడ నడిచిందన్నది ముఖ్యం.

"వాక్యాలు తీసేశారు"

తీయడానికి ఆ రోజుల్లో ఒక బైబిల్ కాదు, వేలాది చేతిరాత ప్రతులున్నాయి. యోహాను సువార్తకు ఈజిప్టులో దొరికిన ఒక పపైరస్ ప్రతిని ఎక్కువమంది క్రీ.శ. 200 ప్రాంతానిదిగా లెక్కిస్తారు. కోడెక్స్ సైనైటికస్, కోడెక్స్ వాటికానస్ అనే పెద్ద బైబిల్ చేతిప్రతులు నాలుగో శతాబ్దానివి. ఇవన్నీ 553కి ముందువి. ఇవాళ మన చేతిలో ఉన్న సువార్తతో పోలిస్తే పదాల తేడాలున్నాయి, అక్కడక్కడా వాక్యాల తేడాలూ ఉన్నాయి. పునర్జన్మ వాక్యాలు మాత్రం ఒక్కటీ లేవు.

మనకు దగ్గరి సాక్ష్యం ఇంకొకటుంది. పర్షియాలోని తూర్పు సంఘం జస్టీనియన్ రాజ్యంలో లేదు. ఆయన సభను ఒప్పుకోలేదు సరికదా, ఆ సభ దోషిగా తేల్చిన థియోడోర్ వాళ్లకు పూజ్య గురువు. వాళ్ల బైబిల్ గ్రీకులో కాదు, సిరియాక్‌లో ఉంది. 550 ప్రాంతంలో కోస్మాస్ అనే అలెగ్జాండ్రియా వర్తకుడు, మిరియాలు పండే మలే దేశంలో, అంటే మలబారులో, క్రైస్తవ సంఘం ఉందని రాశాడు. కేరళ తోమా క్రైస్తవులకు ఆ పర్షియా సంఘంతోనే సంబంధం, ఆ సిరియాక్ గ్రంథమే వాళ్లదీ. జస్టీనియన్ కత్తెర అక్కడిదాకా ఎలా వచ్చింది? 'తిరిగి జన్మించాలి' అన్న మాట ఉన్న యోహాను సువార్త మూడో అధ్యాయం వాళ్లదీ మన దాంట్లాగే ఉంది.

(ఇదే ఫార్వర్డ్‌కు ఒక్కోసారి 325 నాటి నైసియా సభను కూడా తగిలిస్తారు. అక్కడ తేల్చింది క్రీస్తు దైవత్వం మీద ఆరియస్ లేపిన వివాదం, ఈస్టర్ తేదీ, ఇంకా ఇరవై క్రమశిక్షణ నియమాలు. పునర్జన్మ ఊసే లేదు.)

"మిగిలిపోయిన వాక్యాలు"

పుట్టుగుడ్డివాడి సంగతిలో శిష్యులు అడిగింది: "ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" పుట్టకముందే వీడు పాపం చేసి ఉండవచ్చన్న అనుమానం ఆ ప్రశ్నలో ఉన్న మాట నిజమే. తల్లి కడుపులోని శిశువుకు కూడా మంచిచెడ్డలు అంటగట్టే కథలు యూదుల్లో ఉండేవి. శిష్యుల మనసులో ఏముందో ఏమో, యేసు జవాబు "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని. కర్మ లెక్క చెప్పమని అడిగితే ఆ లెక్కల పుస్తకాన్నే పక్కన పెట్టాడు.

"తిరిగి జన్మించాలి" అని యేసు అన్నది నీకొదేము అనే యూదు అధికారితో. ఆ సంగతి ఇంకా సులువు. తెలుగు బైబిల్ "క్రొత్తగా జన్మించితేనే" అంటుంది. గ్రీకు మాటకు 'మళ్లీ' అనీ 'పైనుంచి' అనీ రెండర్థాలు. నీకొదేము మొదటి అర్థం పట్టుకుని, రెండవమారు తల్లి గర్భంలోకి వెళ్లగలడా అని అడిగాడు. అంటే మన ఫార్వర్డ్ చేసిన పొరపాటే ఆయనా చేశాడు. యేసు వెంటనే దిద్దాడు: "శరీరమూలముగా జన్మించినది శరీరమును ఆత్మమూలముగా జన్మించినది ఆత్మయునై యున్నది."

ఇక ఏలీయా. "రాబోవు ఏలీయా యితడే" అని యేసు అన్నది నిజం. నీవు ఏలీయావా అని అడిగితే యోహాను "కాను" అన్నదీ నిజమే. బైబిల్ ప్రకారం ఏలీయా చనిపోనే లేదు, సుడిగాలిలో పైకి వెళ్లాడు. చావనివాడికి మళ్లీ పుట్టడమేమిటి? పైగా హేరోదు రాజు యోహాను తల నరికించిన తర్వాత, కొండ మీద యేసు పక్కన కనబడింది ఏలీయాయే, యోహాను కాదు.

మరి లూకా సువార్తలో యోహాను "ఏలీయాయొక్క ఆత్మయు శక్తియు గలవాడై" వస్తాడని ఉంది కదా? మా తమ్ముడు పట్టుకున్నది సరిగ్గా ఈ మాటే. తెలుగులో చదివితే ఎవరైనా పట్టుకుంటారు. అయితే రాజుల రెండో గ్రంథంలో ఏలీయా ఆత్మ ఎలీషా మీద నిలిచిందని కూడా ఉంది. ఎలీషా అప్పటికే నాగలి దున్నిన మొనగాడు, ఏలీయా వెనకాలే తిరిగినవాడు. ఆయన ఏలీయాకు పునర్జన్మ ఎలా అవుతాడు? అక్కడ ఆత్మ అంటే ప్రవక్తలో పనిచేసిన దైవశక్తి, ఆ ఒరవడి. తండ్రి పోలికలు కొడుక్కు వచ్చాయని మనం అన్నట్టు.

నా లెక్కలో అసలు చిక్కంతా ఈ 'ఆత్మ' అన్న మాటలోనే ఉంది. తెలుగులో ఆ మాట వినగానే, చినిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు అన్న గీతా శ్లోకం మనసులో మెదులుతుంది. క్రైస్తవులకైనా అంతే. మన ఇళ్లలో ఎవరు పోయినా "ఆత్మకు శాంతి చేకూరాలి" అంటాం. కానీ గ్రీకు 'సూకే'ను మన తెలుగు బైబిల్ ఒక చోట ప్రాణము అంది ("సర్వలోకమును సంపాదించుకొని తన ప్రాణమును పోగొట్టుకొనుట"), ఇంకో చోట ఆత్మ అంది ("ఆత్మను చంపనేరక దేహమునే చంపువారికి"), థెస్సలొనీకయులకు రాసిన పత్రికలో జీవము అంది. ఆదికాండంలో మట్టిబొమ్మలోకి దేవుడు ఊపిరి ఊదితే "నరుడు జీవాత్మ ఆయెను". నరుడికి జీవాత్మ వచ్చిందని కాదు, నరుడే జీవాత్మ అయ్యాడని. హెబ్రీయుల ఊహలో మనిషి అంటే ఊపిరున్న మట్టి, బట్ట లోపలి దేహి కాదు.

అందుకే సంఘాల్లో వల్లించే విశ్వాస ప్రమాణంలో ఆత్మ అమరత్వం అన్న మాటే లేదు. ఉన్నది శరీర పునరుత్థానం, నిత్యజీవం. అమరత్వం గలవాడు దేవుడొక్కడే అని తిమోతి పత్రిక అంటుంది. నిత్యజీవం అంటే దేవుణ్ని ఎరగడమే అని యోహాను సువార్త అంటుంది. మనుష్యులొక్కసారే మృతిపొందుతారని హెబ్రీ పత్రిక. లేచేది ఈ మనిషే, ఈ పేరుతోనే. ఇలాంటి నమ్మకంలో ఇంకో కడుపున ఇంకో పేరుతో పుట్టడాన్ని ఎవరూ కత్తిరించనక్కర్లేదు. దానికి అందులో చోటే లేదు.

ఇదంతా ఫోనులో చెప్పాక మా తమ్ముడు కాసేపు ఊరుకుని, "సరే అక్కా, మరి పెదనాన్న ఇప్పుడు ఎక్కడున్నట్టు?" అన్నాడు. దానికి మాత్రం మావాళ్లలోనే ఒక్క మాట లేదని చెప్పాను. కథోలిక్కులు పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలం ఉందంటారు, నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు. మా సంఘంలో, సిలువ మీద దొంగతో యేసు "నేడు" పరదైసులో ఉందువన్నాడు కాబట్టి అప్పుడే వెళ్లిపోయారంటారు. అడ్వెంటిస్టులు, లేపేదాకా నిద్రే, తెలివే ఉండదంటారు. మా పెద్దమ్మ పెదనాన్న రాయి మీద చెక్కించింది "ప్రభువునందు నిద్రించెను" అని. ఆవిడ అడ్వెంటిస్టు కాదు.